పండగ బొమ్మల్లో పక్కింటి గిన్నె

మా బడిలో ఒక రేకు పెట్టె ఉంది. దాని తాళంచెవి నా మెడలో గొలుసుకే వేలాడుతుంది. అందులో ఉన్నది బంగారం కాదు, పండగలు. నా చేత్తో గీసి, రంగులేసి, కత్తిరించిన నలభై ఒక్క బొమ్మలు. మండలంలో టీచర్ల మీటింగు జరిగినప్పుడల్లా ఎవరో ఒకరు "ఒక్క వారం ఇయ్యండి మేడమ్, మా పిల్లోల్లకు చూపిచ్చి ఇస్తాం" అని అడుగుతారు. ఇవ్వను. ఫోటోలు తీసుకోండి, మీరూ గీసుకోండి అంటాను. ఈమెకు శానా పొగరు అనుకుంటారు. అనుకోనీ. నలభై ఒక్క బొమ్మలు గీసిన దానికి ఆ మాత్రం ఉండకూడదా?

నేను పుట్టింది జమ్మలమడుగులో, కాపురం ప్రొద్దుటూరులో, బడి పెద్దముడియం దగ్గర ఒక పల్లెలో. రోజూ జమ్మలమడుగు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. బడిలో ఒకటి, రెండు తరగతులు నావి. ఒకటో తరగతిలో పండగ మాటలు నేర్పడం ఒక పాఠం. మొదట్లో నేనూ అందరిలాగే ప్రొద్దుటూరు బజారులో ఒక చార్టు కొన్నాను. మెరిసే కాగితం. దీపావళి బొమ్మలో సోఫా ముందు నిలబడి నవ్వుతున్న అమ్మా నాన్నా ఇద్దరు పిల్లలు. ఉగాది బొమ్మలో పచ్చడి లేదు, ఒట్టి కుండ. క్రిస్మస్ బొమ్మలో తెల్లటి నేల మీద ఒక చిన్న ఇల్లు.

"ఇదేంది?" అని ఆ ఇల్లు చూపించి అడిగాను.

"పత్తి చేను మేడమ్" అన్నారు అందరూ ఒక్క గొంతుతో. ఒకడు లేచి నిలబడి, "పత్తి పగిలినాది, తీసేకి కూలోల్లు ఇంగా రాల్యా" అని వివరం కూడా చెప్పాడు.

అది మంచు అని చెప్పబోయి ఆగిపోయాను. డిసెంబరులో మా వైపు తెల్లగా కనిపించేది పత్తి చేనే. వాళ్ళు కళ్ళారా చూసినదే చెప్పారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సాయంత్రం చార్టును చుట్టచుట్టి బీరువా మీద పారేశాను. బొమ్మలు నేనే గీస్తానని కూర్చున్నాను.

గీయడం నాకు కొత్త కాదు. మా అమ్మ చర్చిలో ఆదివారం పిల్లలకు బొమ్మలు చూపించి కథలు చెప్పేది. గోడకు మేకు కొట్టి, దానికి పెద్ద బొమ్మల చుట్ట తగిలించి, ఒక్కొక్కటే తిప్పేది. చిరిగిన బొమ్మలకు నేను అతుకులేసి రంగులు దిద్దేదాన్ని. అమ్మ దగ్గర ఒకటే సూత్రం ఉండేది. "బొమ్మ చూపిచ్చినాక నువ్వు గమ్మునుండు. పిల్లోల్లే చెప్తారు" అనేది. ఈ గమ్మునుండడం ఒక్కటే నాకు అబ్బలేదు.

మా తమ్ముడికి పులివెందులలో ఫ్లెక్సీల అంగడి ఉంది. పేరు తప్పు పడినవి, రంగు చెదిరినవి చుట్టలు చుట్టలుగా మూలన పడి ఉంటాయి. వెనక్కి తిప్పితే తెల్లగా ఉంటాయి. వానకు తడవవు, పిల్లలు లాగినా చిరగవు. "అక్కా, ముందర పక్క అంతా నాయకులుండారు, చూసుకో" అని నవ్వాడు వాడు. "నాకు ఎనక పక్క చాలు పోరా" అని ఒక చుట్ట బస్సెక్కించాను. పలకంత ముక్కలుగా కోసి తెల్లవైపు బొమ్మలు గీశాను. అందుకే నా బొమ్మలకు ముందు పండగ, వెనక మీసం. ఒకదాని వెనక ఒట్టి చెవి ఉంటుంది. ఇంకోదాని వెనక నమస్కారం పెడుతున్న రెండు చేతుల్లో ఒకటే ఉంటుంది. తోరణం బొమ్మ వెనక 'జన్మదిన శుభా' వరకే ఉంటుంది.

ముందువైపు మాత్రం అంతా మా ఊరే. ఓళిగ తట్టే చెయ్యి గీసినప్పుడు మా బడిలో మధ్యాహ్నం అన్నం వండే ఆమె చెయ్యి చూసి గీశాను, పగిలిన గాజుతో సహా. పీర్ల గుండం, చవితికి బంకమట్టి వినాయకుడు, రంజాన్ సేమ్యా, చర్చి మీద కాగితం నక్షత్రం, తిరణాలలో రంగులరాట్నం, ధర చీటీ ఇంకా తీయని కొత్త గౌను, అన్నీ గీశాను. పిల్లలు బొమ్మ చూడగానే ఇది ఎవరి ఇల్లో, ఎవరి చెయ్యో కూడా చెప్పేవాళ్ళు. ఇంక మాట మరిచిపోయే ప్రసక్తి ఎక్కడిది?

పాఠం ఇట్లా జరిగేది. బొమ్మ పైకెత్తితే వాళ్ళు మాట చెబుతారు. తర్వాత బొమ్మలన్నీ నేల మీద పరుస్తాను. ఒక్కొక్కరే వచ్చి తమ ఇంట్లో జరిగిన దాన్ని ఏరుకుని ఒక వాక్యం చెప్పాలి. "మా ఇంట్లో ఓళిగలు చేసినారు" అంటే ఆ వాక్యం బోర్డు మీద రాస్తాను. చెప్పిన బిడ్డే దాన్ని ముందు చదవాలి. తన నోట్లోంచి వచ్చిన మాట గోడ మీద కనిపిస్తే ఆరేళ్ళ బిడ్డ మొహం ఎట్లా వెలుగుతుందో చూసిన వాళ్ళకే తెలుస్తుంది.

ఆ ఏడాది ఒకటో తరగతిలో ఒక పిల్ల చేరింది. మొదటి రెండు వారాలు గలగలా మాట్లాడి తరగతంతా తనే అయింది. ఆ నెల ముగియకముందే వాళ్ళ నాయన పొలంలో మోటారు వేయబోయి కరెంటు కొట్టి చనిపోయాడు. పెద్దకర్మ అయ్యాక పిల్ల మళ్ళీ బడికి వచ్చింది కానీ మాట రాలేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది. రాయమంటే రాస్తుంది. చదవమంటే నేల చూస్తుంది. రోజులు గడిస్తే సర్దుకుంటుందిలే అని నేను ఊరుకున్నాను.

దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన రోజు బొమ్మలు పరిచాను. అందరూ ఎగబడి వచ్చి ఏరుకున్నారు. చివరికి ఆ పిల్ల వంతు వచ్చింది. వచ్చి గొంతుక్కూర్చుంది. బొమ్మలన్నీ ఒకసారి చూసింది. ఒక బొమ్మను తీసి బోర్లించింది. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత ఇంకోటి. నేను చూస్తుండగానే నేల మీద పండగలు పోయి మీసాలు, చెవులు, సగం నమస్కారాలు మిగిలాయి. పిల్లలు పగలబడి నవ్వారు.

"ఏమే, తమాషాగా ఉండాదా? దసరాకు మీ ఇంట్లో ఏం చేసినారో ఒక్క మాట చెప్పేకి ఇంత అల్లరా?" అని అరిచి గోడ దగ్గర నిలబెట్టాను. ఆ పిల్ల ఏడవలేదు. ఏడ్చినా నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

మధ్యాహ్నం అన్నం గంట కొట్టాక వంటామె గరిటె పట్టుకునే నా దగ్గరికి వచ్చింది.

"ఆ బిడ్డను ఎందుకు నిలబెట్టినారు మేడమ్?"

చెప్పాను. ఆమె నన్ను కొత్తగా చూసినట్టు చూసింది. "ఆ ఇంట్లో ఈ యేడు పండగ లేదు కదా మేడమ్. ఏడాది తిరిగేదాకా పొయ్యి మింద బాండ్లి పెట్టరు, తోరణం కట్టరు, కొత్త గుడ్డలు కట్టరు. దసరాకు ఏం చేసినారంటే ఆ బిడ్డ ఏం చెప్తాది?"

నా తల తీసేసినట్టయింది. ఈ జిల్లాలోనే పుట్టి, ఈ నీళ్ళే తాగి పెరిగి, నాకు ఆ ఆలోచనే రాలేదు. మా చర్చి వాళ్ళకు ఏడాది ఆగడం లేదు. మా నాయన నవంబరులో పోతే, డిసెంబరులో అమ్మ మాతో నక్షత్రం కట్టించింది. "ఆయనకు నచ్చత్రమంటే ఇష్టం, కట్టండి" అని ఏడుస్తూనే కజ్జికాయలు ఒత్తింది. నాకు తెలిసింది అదే. చుట్టుపక్కల ఇళ్ళల్లో ఏడాది పాటు పండగ ఆగిపోతుందని వినడం వేరు, ఆ ఇంటి బిడ్డ నా ముందు కూర్చుంటే గుర్తుపెట్టుకోవడం వేరు. ఆ పిల్ల నేను అడిగిన దానికి ఉన్నదున్నట్టు జవాబు చెప్పింది. మా ఇంట్లో ఇవేవీ లేవు అని ఒక్కొక్క బొమ్మా బోర్లించి మరీ చెప్పింది. నేను ఆ జవాబుకు శిక్ష వేశాను.

అన్నాలయ్యాక పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని "తప్పు నాది పాపా" అన్నాను. పలకలేదు. ఎందుకు పలుకుతుంది?

ఆ సాయంత్రం ఆటో వదిలేసి వాళ్ళ ఇంటికి వెళ్ళాను. వాళ్ళ తాత వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. కొడుకు పోయాక నాలుగెకరాల శెనగ చేను మళ్ళీ ఆయన నెత్తినే పడింది.

"నువ్వు రాకపోతే నేనే వద్దామనుకుంటాండా టీచరమ్మా" అన్నాడు. "శెనగ కోతలు అయిపోతానే కోడల్ని పులివెందులకు పంపిస్తాండాం. ఆడ వాళ్ళన్న అరటి తోటల్లో పనికి పోతాండాడు. ఈయమ్మకూ పని దొరుకుతాది. ఈ పిల్ల ఇంట్లో చంటిదాన్ని చూసుకోని ఉంటాది."

"ఆడ బడిలో చేర్పిస్తారు కదా పెద్దాయనా?"

"నోరే తెరవని పిల్లకు బడెందుకమ్మా? ఈడ ఏం నేర్చిందని, ఆడ నేర్చుకునేకి?"

ఆరేళ్ళ బిడ్డ. చెల్లెల్ని చంకనేసుకుని అరటి తోటల గట్ల మీద బాల్యమంతా తిరగాల్సిందే. నాకు మళ్ళీ కోపం వచ్చింది. ఈసారి రావాల్సిన చోటే వచ్చింది. "కోతలయ్యే లోపల ఈ బిడ్డ నీ ముందర చదువుతాది. చదవకపోతే మీ ఇష్టం. చదివితే మాత్రం బడి మానిపిచ్చకూడదు" అన్నాను.

ఆయన చాలాసేపు తువ్వాలుతో మోకాళ్ళు దులుపుకున్నాడు. "సరే, చూస్తాం" అన్నాడు.

పిల్ల తల్లి మంచినీళ్ళు తెచ్చింది. లోపల గోడ గూట్లో ఐదు స్టీలు గిన్నెలు బోర్లించి వరసగా ఉన్నాయి. ఒకదానికొకటి పోలిక లేదు. ఎందుకట్లా పెట్టారని అడిగాను.

"మావి కావు మేడమ్. చవితికి, దసరాకు ఇరుగుపొరుగోల్లు పంపిచ్చినవి. పండగ లేనింటికి పక్కిండ్లోల్లు చేసి పంపిస్తారు కదా. గిన్నె ఉత్తది తిరిగియ్యకూడదు. మేం ఈ యేడు ఏమీ చేసేకి లేదు. ఏడాది పెట్టినాక ఓళిగలు చేసి, నింపి ఇయ్యల్ల."

"ఏది ఎవరిదో గుర్తుందా?"

"యాడ గుర్తుంటాది మేడమ్, నాకు ఆ దినాల్లో పొద్దు పొడిచింది కూడా తెలీదు. అరుగు మింద పెట్టి పోయినారు. పేర్లు చెక్కిచ్చుంటారు కదా, చదువుకోవచ్చు. ఈ ఇంట్లో చదివేటోడు ఆయనొక్కడే." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పిల్ల వాకిలి పట్టుకుని నిలబడి ఆ గిన్నెల వైపే చూస్తోంది.

ఇంటికి వెళ్ళి వంట కూడా చేయకుండా గీయడానికి కూర్చున్నాను. మా ఆయన బజారు నుంచి ఇడ్లీలు తెచ్చి నా పక్కన పెట్టి పోయాడు. ఒక గడప, గడప ముందు ఒక గిన్నె, గిన్నె మీద మూతగా అరిటాకు ముక్క. కింద 'పక్కింటి గిన్నె' అని రాశాను. దాని వెనక ఎవరిదో వాచీ కట్టిన మణికట్టు వచ్చింది.

మరుసటి రోజు అన్ని బొమ్మలూ అయ్యాక దాన్ని ఎత్తి పట్టుకున్నాను. "ఇది ఏం పండగ?"

దసరా అన్నాడొకడు. కాదు చవితి అన్నాడు ఇంకొకడు. బక్రీదు అంది మూల కూర్చున్న పిల్ల. "పండగ కాదు మేడమ్, మా అమ్మ పంపిచ్చేది" అని ఇంకో పిల్ల అంది. ఆ గోలలో, నిన్న నేను గోడ దగ్గర నిలబెట్టిన పిల్ల పిలవకుండానే లేచి వచ్చింది. నా చేతిలోని బొమ్మను తీసుకుని రొమ్ముకు ఆనించుకుంది.

అడుగుదామని నోటి దాకా వచ్చింది. అమ్మ మాట గుర్తొచ్చి పెదవి కొరుక్కున్నాను. తరగతి కూడా ఎందుకో నిమ్మళించింది.

"ఇట్లాంటివి మా ఇంట్లో ఐదుండాయి" అంది పిల్ల.

వాడకుండా పక్కన పెట్టిన గొంతు, కొంచెం బొంగురుగా ఉంది. నేను గబగబా బోర్డు మీద 'మా ఇంట్లో ఐదు గిన్నెలు ఉన్నాయి' అని రాశాను. పిల్ల వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివింది. సుద్దముక్క కింద పడిందని వంగి, బల్ల కింద కళ్ళు తుడుచుకున్నాను. అబద్ధం చెప్పడం ఎందుకు, అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు.

ఒక మాట దొరికింది కదా అని ఊరుకునే రకం కాదు నేను. "మీ ఇంట్లో గిన్నెల మీద పేర్లుండాయి కదా. ఒకదాని మీద ఉండేది పలక మీద రాసుకోని రా" అన్నాను. మర్నాడు పలక తెచ్చింది. గిన్నె మీద మిషనుతో చెక్కిన అక్షరాలు చుక్కలు చుక్కలుగా ఉంటాయి కదా, పిల్ల కూడా ఒక్కొక్క అక్షరం చుక్కలు చుక్కలుగానే దించింది. ఎంతసేపు పట్టిందో ఏమో. ఇద్దరం ఆ చుక్కల వెంట వేలు పోనిచ్చి కూడబలుక్కున్నాం. నాలుగో అక్షరం దగ్గర పిల్ల తల పైకెత్తింది.

"ఎదురింటి అవ్వ!"

అవును, ఎదురింటి అవ్వ పేరే. ఆ అక్షరాల్లో ఆ అవ్వ ఉందని దానికి తెలిసిపోయింది. ఇంక వాచకం మూసేశాను. ఆ పిల్లకు అక్షరాలు అ, ఆ వరసలో కాదు, గిన్నెల వరసలో నేర్పాను. ఎవరి పేరులో ఏ గుణింతం ఉందో అదే ఆ వారం పాఠం. దీపావళికి ఇంకో రెండు గిన్నెలు చేరాయి. పిల్ల వచ్చి "కొత్తవి వచ్చినాయి మేడమ్" అని చెప్పింది, పాఠ్యపుస్తకాలు వచ్చినంత గొప్పగా. మిగతా పిల్లలకూ ఆ పిచ్చి పట్టుకుంది. బిందెల మీద, చెంబుల మీద, పెళ్ళిలో చదివించిన పళ్ళేల మీద ఉన్న పేర్లన్నీ పలకలకెక్కాయి. మా తరగతిలో ఊరు ఊరంతా ఉండేది.

క్రిస్మస్‌కు నేను కజ్జికాయలు చేశాను. మా అమ్మ గిన్నె తీశాను. అమ్మ పెళ్ళినాటిది, అంచు కింద ఉలితో చెక్కిన పేరు, సగం అరిగిపోయింది. అమ్మ పోయాక దాన్ని బయటికి తీయడం అదే మొదటిసారి. నిండా కజ్జికాయలు పెట్టి, గుడ్డ కట్టి, వంటామె చేతికిచ్చి ఆ ఇంటికి పంపాను. నేనిచ్చానని చెప్పొద్దన్నాను. గోడ దగ్గర నిలబెట్టినదాన్ని, మిఠాయి పెట్టి మంచి చేసుకున్నట్టు ఉంటుందని సిగ్గేసింది.

సెలవుల తర్వాత పిల్ల ఒక సంగతి చెప్పింది. "గూట్లోవి అన్నీ చదివేకి వచ్చినాయి మేడమ్. ఒకటి మాత్రం రాల్యా. దాంట్లో ఒత్తులుండాయి, అరిగిపోయినాది."

"ఒత్తులు రెండో తరగతిలో చెప్పుకుందాంలే" అన్నాను.

శెనగ కోతలు మొదలైన వారమే తాత వచ్చాడు. ఒళ్ళంతా చేను దుమ్ము, చేతిలో తువ్వాల్లో చుట్టిన ఒక గిన్నె. తరగతి గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చి, మనవరాలి ముందు గిన్నె పెట్టాడు.

"ఇది ఎవురిదో చెప్పు" అన్నాడు.

పిల్ల గిన్నెను తిప్పి పేరు వెతుక్కుంది. మొదటి అక్షరం చెప్పింది. రెండోది చెప్పింది. మూడో దాని దగ్గర ఆగింది. నా నాలుక చివర ఉంది ఆ అక్షరం. కొంగు చుట్టచుట్టి గుప్పిట్లో బిగించుకున్నాను. పిల్ల మళ్ళీ మొదటి నుంచి వచ్చింది. మూడో అక్షరం దాటింది. నాలుగు, ఐదు కలిపి పేరు మొత్తం చదివి, తాత వైపు కోపంగా చూసింది.

"ఇది మన గూట్లోది కాదు తాతా. పాల కేంద్రం కాడ అవ్వది. యాడిది తెచ్చినావు?"

ఆయన వంగి గిన్నె తీసుకున్నాడు. గిన్నెను తువ్వాలుతో తుడిచాడు, తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. చివరికి నాతో అన్నాడు. "గూట్లోవి అయితే బట్టీ కొట్టిందేమో అనుకుంటానని, పొద్దున్నే పక్క వీధిలో అడిగి తెచ్చినా టీచరమ్మా. మా వోడు గూడా ఇట్లనే ఒక్కో అక్షరం కూడబలుక్కోని నాకు పేపరు చదివేటోడు."

గిన్నెను మళ్ళీ తువ్వాల్లో చుట్టి, "పులివెందులకు ఎవురూ పోయేది లేదులే" అన్నాడు. "ఉండేదేందో ఈడనే తింటాం. బిడ్డ చదువుకోనీ." గిన్నె చంకలో పెట్టుకుని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ వేళ జమ్మలమడుగు దాకా ఆటోలో నేను ఎవరితో ఏం మాట్లాడానో గుర్తులేదు కానీ, పక్కన కూర్చున్న ముసలామెకు మాత్రం ఈ కథంతా చెప్పినట్టున్నాను. దిగేటప్పుడు ఆమె నాకు దణ్ణం పెట్టింది.

మళ్ళీ బడి తెరిచారు. పిల్ల రెండో తరగతికి వచ్చింది, ఒత్తులు మొదలుపెట్టాం. వాళ్ళ నాయనకు ఏడాది పెట్టిన మర్నాడు ఆ ఇంట్లో పొయ్యి మీద బాండ్లి, పెనం అన్నీ ఎక్కాయి. నెయ్యి వాసన బడి దాకా వచ్చింది. ఆ పూట పిల్ల బడికి రాలేదు. మా బడి వసారాలో నిలబడితే వీధి కనిపిస్తుంది. గుడ్డ కప్పిన గిన్నె పట్టుకుని ఒక్కొక్క గుమ్మం ముందు ఆగడం, గుడ్డ తొలగించి అంచు కింద చదువుకోవడం, తర్వాత పిలవడం. వాళ్ళమ్మ వెనకాలే ఇంకో గిన్నెతో నడుస్తోంది. ఒక గిన్నె మీద ఊళ్ళో ఎవరికీ తెలియని మగమనిషి పేరుందట. నాలుగిళ్ళు తిరిగాక, అది చివరింటి వాళ్ళ పెళ్ళిలో మైదుకూరు చుట్టం చదివించినదని తేలిందట. వంటామె వచ్చి చెప్పి నవ్వింది.

మధ్యాహ్నం అన్నాల తర్వాత పిల్ల తరగతి గుమ్మంలో నిలబడింది. రెండు చేతుల్లో ఒక గిన్నె ఉంది.

"ఇదొక్కటి ఎవురిదో తెలీలేదు మేడమ్. ఊరంతా తిరిగినా. ఆ పేరుగలోల్లు మన ఊర్లో లేరంట."

వెనక వంటామె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాపుకుంటోంది. ఎవరిదో చెప్పొద్దని నేనే కదా అన్నాను. మా అమ్మ గిన్నెను నేను గుర్తుపట్టనా? నాదే అని చేతులు చాచబోయి, ఆపుకున్నాను.

"పేరు చదువు" అన్నాను.

పిల్ల గిన్నెను బల్ల మీద పెట్టి వేలు ఆనించింది. అరిగిన చోట కళ్ళు దగ్గరగా పెట్టి చూసింది. మొదటి ఒత్తు పలికింది. రెండో ఒత్తు దగ్గర నాలుక తడబడితే, వెనక్కి వెళ్ళి మళ్ళీ పలికింది. ఇంటిపేరుతో సహా మా అమ్మ పేరు మొత్తం చదివింది. అమ్మ పోయాక ఆ పేరు ఎవరూ పలకలేదు. అందరూ నాతో 'మీ అమ్మ' అనే అంటారు. నేనైతే ఆమె బతికి ఉండగా కూడా ఎప్పుడూ పలకలేదు.

"ఎవురు మేడమ్ ఈమె?"

"మా అమ్మ."

పిల్ల గిన్నె మీద పేరును మళ్ళీ ఒకసారి చూసింది. "యాడుండాది?"

"లేదు పాపా. పోయింది."

"ఆమె గూడా టీచరేనా?"

"ఆ. చర్చిలో పిల్లోల్లకు బొమ్మలు చూపిచ్చి చెప్పేది. నాకు గూడా ఆమే నేర్పిచ్చింది."

పిల్ల గుడ్డ తీసి గిన్నెను నా వైపు జరిపింది. రెండు ఓళిగలు, పైన కరిగిన నెయ్యి. తర్వాత బల్ల మీదున్న సుద్దముక్క తీసి నా చేతిలో పెట్టింది.

"అయితే ఆమె పేరు బోర్డు మింద రాయి మేడమ్. వీల్లందరూ గూడా చదువుతారు."

రాశాను. రెండు ఒత్తులూ స్పష్టంగా, పెద్దగా రాశాను. ఆ పిల్ల ముందు నిలబడి వేలు పెట్టి చూపిస్తుంటే తరగతి మొత్తం మా అమ్మ పేరు చదివింది. ఒకసారి సరిగ్గా రాలేదని పిల్ల ఒప్పుకోలేదు, మళ్ళీ చదివించింది. నేను గమ్మునే ఉన్నాను.